లిమోన్‌చెల్లో: అమాల్ఫీలో తాగాలా, ఇంట్లో చేసుకోవాలా?

భోజనమయ్యాక బాగా చల్లగా ఒక చిన్న గ్లాసు, నిమ్మతొక్కతో చేసే తియ్యటి మద్యం లిమోన్‌చెల్లో తాగే పద్ధతి అదే. ఇటలీలో అమాల్ఫీ తీరాన తాగితే ఆ కొండవాలు తోటల నిమ్మ వాసన ముందే ముక్కుకు తగులుతుంది. అక్కడి స్ఫుసాతో నిమ్మకాయ పొడుగ్గా, కొన మొనదేలి ఉంటుంది. రుచంతా దాని తొక్కలోని నూనెదే, సంప్రదాయంగా రసం వేయరు.

ఇంట్లో ఆ నిమ్మ దొరకదు, కానీ తీపి మన చేతిలో ఉంటుంది. పసుపు తొక్క మాత్రమే పల్చగా చెక్కాలి; కింది తెల్లపొర పడిందా, ఇక చేదే. వోడ్కాలో రెండు మూడు వారాలు నానితే తొక్క పాలిపోయి, వోడ్కా పసుపెక్కుతుంది. అప్పుడు వడగట్టి, చల్లారిన పంచదార పాకం కలపాలి.

మొదటి గుక్క అమాల్ఫీలోనే తాగాలంటాను. ఆ రుచి తెలిస్తేనే ఇంట్లో పాకం ఎంత పోయాలో నాలుక చెబుతుంది.