కళ్లద్దాలకు అతికించే ఫ్రెనెల్ ప్రిజం: నెలల తరబడి వాడాక

షుగర్ వల్ల నా ఎడమ కంటి ఆరో నరం (మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల్లో ఆరోది) దెబ్బతింది. ఆ నరం పని చేయించేది ఒక్క కండరాన్నే, కనుగుడ్డును చెవి వైపు లాగేదాన్ని. కంటికున్న ఆరు కండరాల్లో నాలుగు మూడో నరం కింద, ఒకటి నాలుగో నరం కింద ఉంటాయి. అందుకే నా కన్ను పైకీ కిందికీ మామూలుగానే తిరిగేది, ఎడమకు మాత్రం సగంలోనే ఆగిపోయేది. పేపర్ చదవడానికి పెద్దగా ఇబ్బంది లేదు. దూరంగా వస్తున్న బస్సు మాత్రం పక్కపక్కనే రెండు బస్సులు!

ఇలాంటిది సాధారణంగా 3 నుంచి 6 నెలల్లో సర్దుకుంటుందని చెప్పి, అప్పటిదాకా డాక్టర్ 15 డయాప్టర్ల ప్రిజం (కనిపించే బొమ్మను పక్కకు జరిపేది) రాశారు. ఒక్కో డయాప్టర్ మీటరు దూరంలో బొమ్మను ఒక సెంటీమీటరు జరుపుతుంది.

ఈ ఫ్రెనెల్ ప్రిజం చూస్తే ఏమీ లేదు, సన్నటి గీతలున్న పలచని ప్లాస్టిక్ షీటు. అద్దం ఆకారానికి కత్తిరించి, నునుపు వైపును అద్దం లోపలి వైపు నీళ్లతోనే అతికిస్తారు. జిగురు అక్కర్లేదు, బుడగలు మాత్రం బొటనవేలితో బయటికి నెట్టాలి. ప్రిజం బేస్ (మందంగా ఉండే వైపు) చెవి దిక్కుగా ఉండాలి. షాపు కుర్రాడు మొదట తిప్పి అతికించాడు, రెండు బొమ్మల మధ్య ఎడం ఇంకా పెరిగింది. ఊడదీసి సరిగ్గా పెట్టగానే ఎదుటి తలుపులు రెండూ ఒకటయ్యాయి. ప్రాణం లేచొచ్చింది.

ఇక ఇబ్బందులు. ఆ కంటి చూపు పొగమంచులోంచి చూసినట్టే ఉంటుంది. రాత్రి హెడ్‌లైట్లు చారలు చారలుగా సాగుతాయి, ట్యూబ్‌లైట్ అంచున రంగులు కనిపిస్తాయి. గీతల్లో దుమ్ము చేరుతుంది, బట్టతో తుడిస్తే పోదు. మెత్తటి బ్రష్, సబ్బు నీళ్లు కావాలి.

అసలు పరిమితి వేరే ఉంది. ప్రిజం బొమ్మను జరుపుతుందే గానీ కండరానికి బలం ఇవ్వదు. ఎడమకు చూడాలంటే మెదడు ఎడమ కంటి బయటి కండరానికీ, కుడి కంటి లోపలి కండరానికీ సమానంగా ఆదేశం పంపుతుంది. కుడి కన్ను పూర్తిగా తిరుగుతుంది, ఎడమది వెనకబడుతుంది, మళ్లీ అంతా రెండు. కళ్లు కాకుండా మెడ తిప్పడం అలవాటు చేసుకున్నా. బండి మాత్రం ముట్టుకోలేదు.

అద్దంలోనే ప్రిజం చేయించుకుంటే చూపు స్పష్టంగా ఉంటుంది, కానీ పవర్ పెరిగేకొద్దీ అంచు మందమవుతుంది. రెండు కళ్ల మధ్య తేడా ఇక మారదని తేలినవాళ్లకు అదే మేలు. కోలుకుంటున్నవాళ్లకు నా ఓటు షీటుకే. నాకు పవర్ 8కి తగ్గించినప్పుడు పాతది ఒలిచి కొత్తది అతికించారు, అద్దాలు మార్చాల్సిన పని పడలేదు.