ఊజ్ లోయ వంతెనకి తప్పకుండా వెళ్లండి, రాత్రికి మాత్రం ఉండకండి

నాన్న రైల్వేలో ట్రాక్ పనిలో రిటైరయ్యారు. గోదావరి మీద 1900లో మొదలైన హేవలాక్ వంతెన మీద చాలా ఏళ్లు డ్యూటీ చేశారు. అందుకే లండన్ చూడటం రెండు రోజుల్లో ముగించేసి, ఆయన్నీ అమ్మనీ ససెక్స్‌లోని ఊజ్ వ్యాలీ వయాడక్ట్‌కి, అంటే ఊజ్ నది లోయ మీద కట్టిన రైలు వంతెనకి తీసుకెళ్లాను.

పొద్దున్నే చూడొచ్చని ముందురోజే వెళ్లి హేవర్డ్స్ హీత్ దగ్గర ఒక గెస్ట్ హౌస్‌లో దిగాం. ముగ్గురికీ టిఫిన్‌తో కలిపి 96 పౌండ్లని బుక్ చేశాను. తీరా వెళ్తే టిఫిన్ ఇద్దరికేనట, మూడోవాళ్లకి ఇంకో 11 పౌండ్లు. రాత్రి పదింటికల్లా హీటర్ ఆపేశారు. నాన్నకి ఇంకో దుప్పటి అడిగితే 5 పౌండ్లంది గెస్ట్ హౌస్ ఆవిడ. ఇచ్చాను. డబ్బు పోతే పోయింది, డెబ్భై దాటిన మనిషి కోటు వేసుకుని మరీ ముడుచుకుని పడుకుంటే నాకు నిద్ర పట్టలేదు. పొద్దున అమ్మ నాతో మాట్లాడలేదు.

టాక్సీకి 14 పౌండ్లు. దిగి పొలంలోకి నడిచాం, చీలమండల దాకా బురద. ఎదురుగా 37 ఆర్చీలు, 450 మీటర్ల పొడవు, 29 మీటర్ల ఎత్తు. లండన్-బ్రైటన్ లైను కోసం రాస్ట్రిక్ అనే ఇంజినీరు కట్టించాడు, 1841లో రైళ్లు మొదలయ్యాయి. పట్టిన ఇటుకలు 1.1 కోట్లు. చాలా ఇటుకల్ని ఈ ఊజ్ నది మీదే పడవల్లో తెచ్చారట. ఇప్పుడు చూస్తే అది మన పంట కాలవంత కూడా లేదు!

ప్రతి స్తంభానికీ నడుమ ఖాళీ వదిలారు. కింద నిలబడి చూస్తే ఒకదానిలోంచి ఒకటి లోయ అవతలి దాకా కనిపిస్తాయి. నాన్న ఒక ఇటుక అంచుని బొటనవేలితో రుద్ది చూశారు. "నడుమ వదిలేసి ఎంత ఇటుక మిగుల్చుకున్నాడో చూడవే" అని అమ్మని పిలిచారు. 1996 నుంచి 1999 దాకా రాతి పని బాగుచేయడానికే 65 లక్షల పౌండ్లయ్యాయని చెబితే, "అవుతుంది మరి" అన్నారు.

ఇంతలో పైన రైలు వెళ్లింది. నాన్న తలెత్తలేదు, కళ్లు మూసుకుని విన్నారు. "ప్యాకింగ్ బాగా చేశారురా, ఎక్కడా దెబ్బ పడట్లేదు." ప్యాకింగ్ అంటే పట్టాల కింద కంకర గట్టిగా కూరడం.

లండన్ నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేయండి, లాడ్జి దండగ. బాల్‌కమ్ స్టేషన్‌లో దిగి నడవచ్చు. రబ్బరు బూట్లు తప్పనిసరి. పొలంలో టీ కొట్టు లేదు, బాత్రూమ్ లేదు, కారుకి రోడ్డు పక్కన కాస్త చోటే ఉంది. మేం గంటలో వచ్చేద్దామనుకున్నాం. నాన్న ఆరు రైళ్లు పోయేదాకా కదల్లేదు. ఏడోది ఎప్పుడని అమ్మే అడిగింది.