ఇంట్లో మళ్లీ మళ్లీ పెట్టుకున్నవి: బలగం, మిడిల్ క్లాస్ మెలోడీస్, ఇంకో మూడు

థియేటర్‌లో సినిమా చూడటం వేరు, ఇంట్లో చూడటం వేరు. ఇంట్లో ఎవరూ కదలకుండా కూర్చోరు. ఒకరు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటారు, ఒకరు బట్టలు మడతపెడుతుంటారు, పాలు పొంగుతున్నాయని ఇంకొకరు లేచి పరిగెడతారు. అంటే ఇంట్లో సినిమా సగం చెవులతోనే నడుస్తుంది. కొన్నేళ్లుగా మా ఇంట్లో తిప్పి తిప్పి పెట్టుకుంటున్నవన్నీ మాట బాగున్న సినిమాలే. కోట్లు పోసి తీసిన బొమ్మయినా సరే, అందులో మనుషులు మనుషుల్లా మాట్లాడకపోతే రెండోసారి పెట్టమని ఎవరూ అడగరు.

మాది కరీంనగర్ వైపు, మా ఆవిడది తెనాలి దగ్గర. యాస ఎక్కడ నిజంగా పలికిందో, ఎక్కడ డబ్బింగ్ స్టూడియోలో అతికించారో ఇద్దరిలో ఒకరికి వెంటనే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆడింది బలగం (2023). అప్పుల్లో ఇరుక్కున్న సాయిలు (ప్రియదర్శి) పెళ్లి చేసుకుని కట్నంతో గట్టెక్కుదామనుకుంటాడు. సరిగ్గా అప్పుడే తాత కొమురయ్య పోతాడు. మూడో రోజు పెట్టిన కూడు కాకి ముట్టదు. ఐదో రోజూ ముట్టదు. ఊళ్లో గుసగుసలు మొదలవుతాయి. ముసలాయనకు తీరకుండా మిగిలిన కోరిక ఏమిటన్నదే కథ. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల మనిషి, సినిమా కూడా ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే తీశారు. అందుకే చావు ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారో, ఎవరు ఎవరిని పలకరించరో అంతా మా వాడకట్టులో చూసినట్టే ఉంటుంది.

కొమురయ్య అల్లుడు నారాయణకూ బామ్మర్ది ఐలయ్యకూ ఏళ్ల తరబడి మాటల్లేవు. మధ్యలో నలిగిపోయింది ఆడబిడ్డ లక్ష్మి. గొడవ మొదలైంది నల్లి బొక్క (మాంసం కూరలో మూలుగు ఎముక) దగ్గర. బయటివాళ్లు విని నవ్వుతారేమో గానీ, దావత్‌లో అల్లుడికి జరగాల్సిన మర్యాద జరగకపోతే అది ఎంత దూరం పోతుందో మా వైపు పెరిగినవాళ్లకు బాగా తెలుసు. నారాయణగా మురళీధర్ గౌడ్ అరవాల్సిన చోట అరుస్తాడు. నాకు మాత్రం ఆయన మొహం ముడుచుకుని ఊరికే కూర్చున్న చోట్లే ఎక్కువ నచ్చాయి. అలిగిన అల్లుడు ఇంట్లో ఉంటే గాలి ఎంత బరువెక్కుతుందో ఆ మొహంలో కనిపిస్తుంది.

ఇక పదకొండో రోజు పాట. బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు గొంతెత్తుతారు. కథ చెప్పడమే బతుకుగా ఉన్న మనుషులు కాబట్టి ఆ గొంతుల్లో ఎక్కడా నటన వినిపించదు. పాట సాగుతుంటే కూర్చున్నవాళ్ల మొహాలు చూడండి. మొదట ఎవరికి వారు బిగపట్టుకుని ఉంటారు. తర్వాత ఒక్కొక్కరే కరుగుతారు. మా అమ్మ ఈ భాగం చూడదు. వంటింటి గడపలో నిలబడి వింటుంది, కొంగుతో మొహం తుడుచుకుంటుంది. "సూసుడు నాతోని గాదు బిడ్డా, ఇంటేనే సాలు" అంటుంది. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆ వార్త తెలిసిన రోజు రాత్రి సినిమా మొత్తం పెట్టబుద్ధి కాలేదు, ఆ పాటొక్కటే విన్నాం. ఇదే సినిమాలోని "ఊరు పల్లెటూరు" పాటకు కాసర్ల శ్యామ్‌కి 2023 సంవత్సరపు ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు వచ్చింది. రావాల్సిందే.

లోపం లేదా అంటే ఉంది. సాయిలు, సంధ్యల మధ్య ప్రేమ పల్చగా ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా ఆ దృశ్యాలప్పుడే మా ఇంట్లో ఒకరో ఇద్దరో మంచినీళ్లకి లేస్తారు.

ఇక్కడ శబ్దం సంగతి కూడా చెప్పాలి. పెద్ద సినిమాలు ఇంట్లో చూసేటప్పుడు మాటలు గొణిగినట్టు వినిపిస్తాయి, ఆ వెంటనే నేపథ్య సంగీతం పిడుగు పడినట్టు మోగుతుంది. పిల్లలు పడుకున్నాక చూసేవాళ్లకు ఇది నరకం. మాట వచ్చినప్పుడల్లా పెంచుకోవాలి, ఫైట్ రాగానే తగ్గించుకోవాలి, రిమోట్ చేతిలోంచి దిగదు. 5.1 ధ్వనిలో, అంటే ఆరు స్పీకర్లకు విడివిడిగా పంచిన శబ్దంలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలోకి అన్నీ కుదించేసరికి మాటలే అణిగిపోతాయి. యాప్‌లో ఆడియోని స్టీరియోకి మార్చుకునే వీలుంటే మార్చుకోండి, టీవీ ఆడియోలో పెద్ద చప్పుళ్లను అణిచే నైట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి, చాలావరకు సర్దుకుంటుంది. నేను చెబుతున్న ఈ చిన్న సినిమాలకు మా ఇంట్లో ఆ బాధే రాలేదు.

మిడిల్ క్లాస్ మెలోడీస్ 2020 నవంబర్‌లో, కరోనా రోజుల్లో, నేరుగా ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. అంటే మొదటి ఆట నుంచీ ఇది ఇంట్లో చూసిన సినిమానే. కొలకలూరులో నాన్న నడిపే చిన్న హోటల్, గుంటూరులో సొంతంగా హోటల్ పెట్టాలనుకునే కొడుకు, అతని చేతి బొంబాయి చట్నీ. ఆనంద్ దేవరకొండ, వర్ష బొల్లమ్మ బాగానే చేశారు, కానీ సినిమాని మోసింది గోపరాజు రమణ. రంగస్థలం నుంచి వచ్చిన మనిషి. కొండలరావుగా ఆయన తెల్లారినప్పటి నుంచి తిడుతూనే ఉంటాడు, కొడుకునీ, పెళ్లాన్నీ, ఎదురైనవాళ్లనీ. ఆ తిట్లలో కొడుకు ఏమైపోతాడోనన్న భయం తప్ప ద్వేషం అణువంత కూడా వినిపించదు. సురభి ప్రభావతి ఆ అరుపులన్నిటి మధ్యలో తన పని తాను చేసుకుపోయే తీరు చూసి మా ఆవిడ, "మా పెదనాన్న ఇట్టాగే అరుస్తాడండీ, మా పెద్దమ్మ అస్సలు పట్టించుకోదు" అంది. తెనాలి పక్క ఊళ్ల కథ కదా, ఆమె ప్రతి మాటకీ తల ఊపుతూ చూస్తుంది. అయిపోయిన మర్నాడు పొద్దున శనగపిండి కలపడం ఆనవాయితీ అయింది. స్నేహితుడి జాతకాల ఉపకథ మాత్రం సాగుతుంది. మళ్లీ చూసేటప్పుడు అక్కడ ముందుకు జరుపుతాం.

మల్లేశం (2019) గురించి ఇంకా ఎక్కువమంది మాట్లాడాలని నా కోరిక. చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని అది) భుజం పడిపోతున్న తల్లి కోసం ఆసు యంత్రం తయారుచేసిన నిజ జీవిత కథ ఇది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాలని మాటల్లో చెబితే అర్థం కాదు. ఝాన్సీ తల్లిగా ఆసు ముందు కూర్చుని చెయ్యి అటూ ఇటూ తిప్పుతుంటే, భుజం పట్టేసి ఆగి, మళ్లీ తిప్పుతుంటే తెలుస్తుంది. మా పిల్లలు పట్టుచీర ధర ఎందుకంతో మొదటిసారి అడగకుండానే తెలుసుకున్నారు. ప్రియదర్శి ఇక్కడ బలగంలో కన్నా నాకు ఎక్కువ నచ్చాడు. సినిమా అక్కడక్కడా నెమ్మదిస్తుంది, అయినా పూర్తిగా చూడండి.

90's, ఏ మిడిల్ క్లాస్ బయోపిక్ 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన సిరీస్, ఆరు ఎపిసోడ్లు. లెక్కల మాస్టారు నాన్నగా శివాజీ, అమ్మగా వాసుకి. మార్కులు, ఫీజులు, నెలాఖరు లెక్కలు. పెద్దవాళ్లకు పాత రోజుల ముచ్చట, పిల్లలకు చిన్నోడు ఆదిత్య అల్లరి. ఇంటిల్లిపాదికీ ఒకే సమయంలో నవ్వు రావడం ఈ మధ్య అరుదు, దీనికి వచ్చింది. మనల్ని ఏడిపించాలని సంగీతం కొన్నిచోట్ల మరీ తొందరపడుతుంది. ఆ ఇంట్లో మాటలు వాటంతట అవే ఆ పని చేస్తున్నప్పుడు అంత వాయించడం దేనికి?

చివరిది కేరాఫ్ కంచరపాలెం (2018). వెంకటేష్ మహా విశాఖ కంచరపాలెంలో, చాలావరకు అక్కడి మనుషులతోనే తీశాడు. మొదటి పది నిమిషాలు నటన కాస్త మొరటుగా అనిపిస్తుంది. ఓర్చుకోండి. కాసేపటికి వాళ్లు నటిస్తున్నారన్న సంగతే మర్చిపోతాం. నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమ కథలు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లి కాని ఆఫీసు అటెండర్ రాజు, ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ రాధ మాట్లాడుకునే దృశ్యాల్లో ఎవరూ పెద్ద మాటలు మాట్లాడరు. సుబ్బారావు, రాధా బెస్సీ పక్కింటివాళ్లలా ఉంటారు. నిర్మాత పరుచూరి ప్రవీణ సలీమాగా చేశారు, ముసుగులోంచి కళ్లతోనే ఆ పాత్రని నడిపించారు. ఉత్తరాంధ్ర యాస మా ఇద్దరికీ సొంతం కాదు, అయినా ఒక్క మాట కూడా పరాయిగా అనిపించలేదు.

దీని ముగింపు గురించి ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకోండి. చూసేముందు నెట్‌లో వెతకొద్దు, ట్రైలర్ కింద రాసినవి చదవొద్దు. ఒకసారి తెలిశాక రెండోసారి తప్పకుండా పెట్టుకుంటారు, ఎందుకంటే మొదటిసారి మామూలుగా వినిపించిన మాటలు ఈసారి వేరేగా వినిపిస్తాయి.