పాత కంపెనీ రికార్డుల సర్వీస్: సెక్షన్ నంబర్ రాస్తేనే కదులుతారు (5కి 3 స్టార్లు)

లేఆఫ్‌లో నన్ను బయటికి పంపిన కాలిఫోర్నియా శాంటా క్లారా కంపెనీ పేరు రాయను. మాజీ ఉద్యోగుల రికార్డుల పని వాళ్లు ఓ బయటి ఏజెన్సీకి అప్పగించారు. ఈ రివ్యూ ఆ సర్వీస్ మీద. అక్కడ చేసి వచ్చిన మనవాళ్లు చాలామందే ఉన్నారు, పనికొస్తుందని రాస్తున్నా.

కొత్త కంపెనీ నాకు గ్రీన్ కార్డు కోసం పర్మ్ (లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర తీసుకోవాల్సిన అనుమతి) మొదలుపెట్టింది. పాత ఉద్యోగంలో ఏ హోదాలో ఏం పని చేశానో కాగితం మీద చూపించాలి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడుగుదామంటే మా మేనేజర్‌నీ అదే రోజు తీసేశారు. ఆఫర్ లెటర్, ప్రమోషన్ లెటర్ కంపెనీ మెయిల్లో ఉండిపోయాయి. నేను పళ్లు తోముకునేలోపే లాప్‌టాప్ లాక్ అయిపోయింది మరి.

చాట్‌లో అడిగితే, "చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా మాత్రమే చెప్తాం. ఫైల్ కావాలంటే లాయర్ ద్వారా రండి" అన్నారు. శుద్ధ అబద్ధం. కాలిఫోర్నియా లేబర్ కోడ్ 1198.5 ప్రకారం ఉద్యోగం మానేసినవాళ్లకీ తమ ఫైల్ చూసుకునే హక్కు, కాపీ తీసుకునే హక్కు ఉన్నాయి. లాయర్ అక్కర్లేదు, రాతపూర్వకంగా అడిగితే చాలు. 30 రోజుల్లో ఇవ్వాలి, లేకపోతే 750 డాలర్ల పెనాల్టీ అడగొచ్చు. కాపీలకు అయిన ఖర్చు తప్ప పైసా ఎక్కువ తీసుకోకూడదు. మనం మానేశాక కనీసం 3 ఏళ్లు ఆ ఫైల్ దాచాల్సిందే. ఇదంతా రాయకుండా ఊరికే సెక్షన్ నంబర్, తేదీ, "కాపీలు కావాలి" అన్న ముక్క రాసి ఈమెయిల్ చేశాను, సర్టిఫైడ్ పోస్టులో కూడా పంపాను. లాయర్ కావాలన్నవాళ్లే మర్నాడు ఫారం పంపించారు!

ఆ తర్వాత "మీ పేరు మీద రికార్డు లేదు" అని ఇంకో మెయిల్. మన పేర్లతో ఉండే బాధే ఇది. చేరినప్పుడు ఎవరో ఇంటిపేరును ఫస్ట్ నేమ్ చేశారు, మధ్యలో సిస్టమ్ మారినప్పుడు ఇంకెవరో తిప్పి రాశారు. ఫోన్‌లో ఒకమ్మాయి ఓపిగ్గా ఎంప్లాయీ ఐడీతో వెతికితే నా పేరున రెండు ఫోల్డర్లు బయటపడ్డాయి. ఒక స్టార్ పూర్తిగా ఆ అమ్మాయిదే. మీరు రాసేటప్పుడు పేరుతో పాటు ఐడీ కూడా రాయండి.

గడువు ముగుస్తుందనగా పీడీఎఫ్ వచ్చింది. సగం పేజీలు అడ్డంగా స్కాన్ చేసినవే, మెడ తిప్పుకుని చదవాలి. కానీ ఆఫర్ లెటర్, ప్రమోషన్ లెటర్, ట్రైనింగ్ సర్టిఫికెట్లు, ఏటేటి రివ్యూలు అన్నీ ఉన్నాయి. ఒక రివ్యూలో నేనెప్పుడూ చూడని వాక్యం: "క్లయింట్ కాల్స్‌లో తక్కువగా మాట్లాడుతుంది." కాల్ మొత్తం మా మేనేజరే మాట్లాడితే నేనెప్పుడు మాట్లాడాలి?

కొన్నిచోట్ల పేర్ల మీద నల్లగా పూసేశారు. సూపర్‌వైజర్లు కాని తోటివాళ్ల పేర్లు అలా కొట్టేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. వీళ్లు ప్రమోషన్ లెటర్ కింద మేనేజర్ పేరు కూడా కొట్టేశారు. నాకు కావాల్సింది ఆ కాగితమే! మళ్లీ రాస్తే, మారు మాట్లాడకుండా సరిచేసి పంపారు.

ఈ ఫైల్లో రానివి కొన్ని ఉంటాయి. రిఫరెన్స్ లెటర్లు, నేర విచారణ కాగితాలు చట్టమే మినహాయించింది. పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) కావాలంటే అదే లేబర్ కోడ్ సెక్షన్ 226 కింద విడిగా అడగాలి, వాటికి గడువు 21 రోజులే. హెచ్1బీ వీసా పిటిషన్ కాపీ "మా పరిధి కాదు" అన్నారు. దానికి యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) ఫోయా, అంటే సమాచార హక్కు దరఖాస్తు, పెట్టుకున్నాను. మానేసినవాళ్లు ఫైల్ కోసం ఏడాదికి ఒక్కసారే అడగొచ్చు కాబట్టి కావాల్సినవన్నీ ఒకే ఉత్తరంలో రాయండి. కంపెనీ మీద మన ఉద్యోగ వ్యవహారాలపై కేసు వేసి ఉంటే, అది నడిచినన్నాళ్లూ ఈ హక్కు వర్తించదు.

డాలస్‌లో ఉన్న మా బావగారు ఇది విని తన పాత కంపెనీకీ ఉత్తరం రాస్తానన్నారు. టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీలకు ఇలాంటి చట్టం లేదు బావగారూ, అక్కడ హెచ్‌ఆర్ వాళ్ల దయే.