సరిహద్దు దాటి సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు వాళ్ళందరికీ చెప్తున్నాను. నిన్న మా పిన్ని కొడుకు శ్రీకాకుళం వైపు ఒక షాపులో కారుకి అడ్వాన్స్ ఇవ్వబోతుంటే ఆపాను. ఏడాది కిందట నేను మోసపోయింది అక్కడే. వాడికీ అదే మాట చెప్పారట, "కిలోమీటరుకి ఐదు రూపాయలే పడుతుంది సార్" అని.

నాన్నని ఆసుపత్రికి తిప్పాలని 4,20,000 పెట్టి ఆంధ్రా నంబరు పెట్రోల్ కారు తీసుకున్నాను. లీటరుకి 20 ఇస్తుందన్నారు. ప్రతిసారీ ట్యాంకు ఫుల్ చేసి, మళ్ళీ ఫుల్ చేసినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగిస్తే 13 దాటలేదు, ఆర్.ఉదయగిరి ఘాట్ ఎక్కిన వారమైతే ఇంకా తక్కువ.

ఏడాదిలో 10,000 కిలోమీటర్లు తిరిగాను. పెట్రోల్ 79,000. క్లచ్, సస్పెన్షన్, సర్వీసులు కలిపి 31,000. ఇన్సూరెన్స్ 9,000. ఇంకో రాష్ట్రం బండి 12 నెలలకి మించి ఇక్కడే ఉంటే నంబరు మార్చుకోవాలి కదా, పాత ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తేవడానికి, ఒడిశా ట్యాక్స్ కట్టడానికి 22,000 అయింది, ఈ ఖర్చు గురించి షాపువాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ధరలో తగిలింది, ఇప్పుడు అమ్ముదామంటే 3,20,000 కంటే ఎవరూ ఇవ్వడం లేదు, అంటే లక్ష పోయినట్టే. మొత్తం 2,41,000. కిలోమీటరుకి 24 రూపాయలు! మా వీధిలో కారు అద్దెకి తిప్పే అబ్బాయి నా దగ్గర 14 తీసుకునేవాడు.

ధర అంత పడిపోవడానికి కారణం మీటరు వెనక్కి తిప్పేసి ఉండటం. కొన్నప్పుడు 38,000 కిలోమీటర్లు చూపించింది. తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు తీయిస్తే, నేను కొనడానికి ముందే 71,000 దగ్గర సర్వీసు చేయించినట్టు ఉంది. షాపుకి వెళ్ళి నిలదీస్తే "మాకలాగే వచ్చింది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది నాన్న పెన్షన్ డబ్బు.

మైలేజీ ఎంత అని మాత్రమే అడిగి ఆగిపోకండి. బండి నంబరుతో సర్వీస్ రికార్డు ముందే తీయించండి, లోన్, ఇన్సూరెన్స్ సంగతి ప్రభుత్వం వారి ఎంపరివాహన్ యాప్‌లో చూసుకోండి, ఏడాదికి నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో కాగితం మీద రాసుకుని పైన చెప్పిన ఖర్చులన్నీ దాని మీద పంచండి. రికార్డు తీయడానికి షాపువాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.