బచత్ గట్ అప్పుతో స్లాబు వేడి తగ్గించుకున్నాం: రెండు ఎండాకాలాల తర్వాత నా అభిప్రాయం

బచత్ గట్ అంటే మా వైపు ఆడవాళ్ల పొదుపు సంఘం. ఆ గట్ ద్వారా వచ్చిన బ్యాంకు అప్పుతో మా స్లాబు మీద వేడి ఆపే షీటు వేయించుకున్నాం. ఈ అప్పులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక్కటే. స్లాబు వేడి తగ్గించుకోవడానికి డబ్బు కావాలంటే, ‘దానికి కూడా అప్పా?’ అని మా గట్‌లో ఎవరూ మొహం చిట్లించలేదు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ తాలూకాలో మే నెల రాత్రి స్లాబు కింద పడుకోవడం ఎట్లుంటుందో అక్కడ కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఏడు శాతం వడ్డీ, తాకట్టు లేకపోవడం, వారం వారం పొదుపు, మీటింగులు, ఇవన్నీ గట్‌లో ఉన్నవాళ్లకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందు మేం వెళ్లింది ఒక బ్యాంకుకే. ఇంటి రిపేరు అప్పు అని అడిగితే, “స్లాబు ఎక్కడ పగిలింది? ఫొటోలు తెచ్చారా?” అన్నారు. పగల్లేదు సార్, కాలుతోంది అని మా ఆయన చెప్పాడు. వాళ్ల ఫారంలో దానికి గడి లేదు. ఇంజనీరు ఎస్టిమేటు, ఇంటి హక్కు కాగితాలు తెమ్మన్నారు. ఇల్లు మా మామయ్య పేరు మీద ఉంది, గావ్‌ఠాణ్‌లో, అంటే ఊరి ఇళ్ల స్థలంలో జాగా, పంచాయతీ ఇచ్చే ఇంటి పన్ను నమోదు కాగితం నమూనా 8 తప్ప ఇంకో కాగితం లేదు. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది.

ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల పోతే, షీట్లమ్మే దుకాణాయన సోలారు పెట్టుకోమన్నాడు. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందన్నాడు. నిజమే, వస్తుంది. మంచి పథకమే. కానీ కరెంటు పుట్టించడానికి అంత సాయం చేసే సర్కారు, కూలర్ తిప్పే అవసరమే తగ్గించే పనికి మా ఇంటికి రూపాయి ఇచ్చే పథకం పెట్టలేదెందుకన్నది నాకు ఇప్పటికీ బాధే. నది అవతల తెలంగాణలో ఇళ్ల పైకప్పులు ఎండకు తక్కువ కాలేట్టు చేయించడానికి 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు. అయితే 600 గజాల లోపు ఇళ్లకు అది ఇష్టమున్నవాళ్లు చేసుకునేదే.

ఇక గట్ సంగతి. బ్యాంకు అప్పుకు ముందు ఒక్కొక్కరు ఎంత, ఎందుకు అని ప్లాన్ రాస్తారు కదా, అందులో నా పేరు పక్కన ‘ఇంటి పైకప్పు’ అని రాయించాను. ఇల్లు బాగుచేసుకోవడానికి ఈ అప్పు వాడుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లోనే ఉంది, చాలామందికి తెలియదు. కాకపోతే గట్ అప్పు 2 లక్షలు దాటితే కనీసం సగం ఆదాయం తెచ్చే పనులకు పోవాలి. అందుకే ఒకామె, “పైకప్పుతో ఆదాయం ఏమొస్తది?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అధ్యక్షురాలు అక్క అందుకుంది. “నీ బిడ్డ పెండ్లి జాకెట్లు ఈమె పొద్దుగాల ఆరింటికి లేచి ఎందుకు కుట్టిందనుకున్నవ్?” అంది.

అక్క అన్నది అక్షరాలా నిజం. నేను ఇంట్లోనే మిషను కుడతాను. పట్టు గుడ్డ మీద చెమట చుక్క పడితే మరక పోదు. మోచేతి దగ్గర్నుంచి జారిన చెమట మణికట్టు మీదుగా సూది పాదం దాకా వస్తుంది. భుజాన తువ్వాలు వేసుకున్నా ఆగదు. అందుకని ఏప్రిల్, మే నెలల్లో పెళ్లి జాకెట్లన్నీ తెల్లారుజామునే కుట్టి, పగలు లంగాలు, లైనింగులు పెట్టుకునేదాన్ని. పెళ్లిళ్లన్నీ ఉండేది ఆ రోజుల్లోనే. ఈ నష్టం బ్యాంకాయనకు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. గట్‌లో చెప్పాల్సిన పనే పడలేదు.

నా వంతుకు 60,000 వచ్చింది. మూడేళ్ల వాయిదాలు, నెలకు రెండు వేల లోపు. మిషను గది మీద, పడకగది మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురగ పలక) పరిపించి, పైన జాలి పెట్టి పలచగా కాంక్రీటు, దాని మీద తెల్ల టైలు ముక్కలు వేయించాం. ముందు గదికి డబ్బు చాలక తెల్ల కూల్ పెయింటుతో సరిపెట్టాం. కాంక్రీటు పగలంతా ఎండ వేడిని పట్టుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. షీటు స్లాబు పైన ఉంటే ఆ వేడి స్లాబుదాకా చేరేదే తక్కువ. లోపల ఫాల్స్ సీలింగు కొట్టిస్తే ఇంత గుణం ఉండదు, ఎందుకంటే స్లాబు ఎట్లాగూ కాలుతుంది. పనికి ముందు రాత్రి పదింటికి స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనిస్తే ఉంచలేకపోయేవాళ్లం. ఇప్పుడు గోరువెచ్చగా ఉంటుంది, అంతే.

మొదటి వానాకాలంలో మాత్రం ఏడిపించింది. జులై ముసురులో మిషను గది మూల, సరిగ్గా గుడ్డలు పెట్టుకునే అలమర పైన, తడి మచ్చ లేచింది. రెండు రోజులకు గోడ వెంట ధార. కస్టమర్ల గుడ్డలన్నీ మూటకట్టి మంచం మీదికి చేర్చాను. మేస్త్రీ వచ్చి ఆ మూల పైనే టైళ్లు పగలగొడతానన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. వాన తెరిపి ఇచ్చాక, నీళ్లు పోయే గొట్టానికి గుడ్డ కుక్కి, మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి, ఒక్కో చోట విడివిడిగా నీళ్లు నిలబెట్టి చూశారు. మచ్చ ఉన్న మూలలో పోస్తే కింద ఏమీ లేదు. గొట్టం మూతి దగ్గర పోసినప్పుడు, అర్ధగంటకు అవతలి మూలలో నీళ్లు కారాయి. గొట్టం చుట్టూ షీటు జానెడు తక్కువ కోసి, ఆ ఖాళీలో ఉత్త సిమెంటు నింపారట. అది నెర్రె ఇచ్చి, నీళ్లు షీటు కిందికి దూరి, స్లాబు మీద పాకుతూ మూలకు చేరాయి. మేస్త్రీ అక్కడ షీటు ముక్క పైకి తీసి చూపించాడు. పైన తడి తప్ప, పిండితే చుక్క నీరు రాలేదు. షీటు మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

బాగుచేయడానికి, గొట్టం చుట్టూ వాటర్‌ప్రూఫింగు మళ్లీ చేయించడానికి 7,000 అన్నాడు. బ్యాంకు అప్పు అప్పటికే ఖర్చయిపోయింది. అదే వారం మీటింగులో చెబితే, మా సొంత పొదుపు డబ్బులోంచి నూటికి రూపాయి వడ్డీకి అక్కడికక్కడే లెక్కపెట్టి ఇచ్చారు. బ్యాంకు అప్పుకన్నా వడ్డీ ఎక్కువే. అయినా ముసురు మళ్లీ పట్టకముందే చేతికొచ్చిన డబ్బు అది. ఆ రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో మాటల్లో చెప్పలేను.

ఎవరూ మొహం చిట్లించలేదని రాశాను కదా, దానికి ఇంకో వైపు కూడా ఉంది. బ్యాంకు దృష్టిలో గట్ అంతా ఒకటే ఖాతా. మిర్చి ఏరడానికి మా వైపు నుంచి చాలామంది తెలంగాణకు పోతారు. ఈ ఏడాది ఇద్దరు పోయి వాయిదాలు ఆలస్యం చేశారు. నేను క్రమం తప్పక కట్టినా ఖాతా బకాయిలో పడింది. తర్వాతి అప్పు ఆగింది. వాళ్లను తప్పు పట్టలేను, పని ఉన్నచోటికి పోవాలి. కానీ అత్యవసరంలో ఉన్న ఇంకో ఆమె అవస్థ పడింది.

ముందు గది పెయింటును మొదటి ఎండాకాలం అందరి దగ్గరా తెగ పొగిడాను. రెండో ఏడు అంత లేదు. వానలకు పాచి పట్టి నల్లబడింది, దాని మీద దుమ్ము. మార్చిలో బ్రష్షుతో రుద్ది కడిగితే మళ్లీ కొంత పనిచేసింది. ఇంకా, పడమటి గోడ వేడి అలాగే ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా మిషను గదిలో కూలర్ వేయక తప్పదు. ఏసీ చల్లదనం వస్తుందని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

నేను పగలంతా ఇంట్లో కుడతాను, మధ్యాహ్నాలు కూడా పట్టు పని చేయగలుగుతున్నాను కాబట్టి వాయిదా బరువనిపించలేదు. పగలు పొలానికో పనికో పోయేవాళ్లయితే, ముందు పెయింటో సున్నమో వేసి ఒక ఎండాకాలం చూడండి. రేకుల ఇళ్ల సంగతి వేరు, నా అనుభవం వాటికి పనికిరాదు. ఘర్‌కుల్ (సర్కారు సాయంతో కట్టే ఇల్లు) కట్టుకుంటున్నవాళ్లు మాత్రం స్లాబు మీది నీళ్లు పోయే గొట్టాలు పెట్టే రోజే మేస్త్రీతో షీటు సంగతి మాట్లాడండి. ప్రధానమంత్రి ఆవాస్ పథకం కింద మన జిల్లాకు వచ్చే 1,30,000 గోడలకూ స్లాబుకే చాలదు, నాకు తెలుసు. ఆ పథకంలోనే ఇష్టమున్నవాళ్లకు 70,000 దాకా బ్యాంకు అప్పు ఇప్పించే వీలుంది, పంచాయతీలో అడగండి. మీ గట్‌లో వాయిదాలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో రిజిస్టరు చూసుకున్నాకే పెద్ద మొత్తం రాయించండి. పడమటి గోడకు నేను మళ్లీ గట్‌లోనే అడుగుతాను, అయితే మిర్చి పనికి పోయినవాళ్లు తిరిగొచ్చి ఖాతా తేటపడ్డాకే.