ఇంజన్ మౌంటింగులు: రబ్బరా, సాలిడ్డా? విశాఖ రోడ్ల మీద రెండూ వాడాక

నా కారు 2017 నాటి స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్. రెండు లీటర్ల టర్బో పెట్రోలు, 230 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్కు, అదంతా ముందు చక్రాలకే. ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే దిమ్మలే మౌంటింగులు. కంపెనీ రబ్బరు మౌంటింగులతో ఏళ్ల తరబడి నడిపాను. తర్వాత ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పించిన అల్యూమినియం సాలిడ్ మౌంటింగులు, అంటే రబ్బరు లేని గట్టి లోహపు దిమ్మలు, వేయించి ఒక వానాకాలం, చలికాలం అంతా తిరిగాను. ఇప్పుడు మళ్లీ రబ్బరే, కిందిదానికి మాత్రం రబ్బరు కన్నా బిగువైన పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్. రోజూ ఊళ్లో తిరిగే బండికి ఇదే సరైన పొందిక అని గట్టిగా చెప్పగలను.

అడ్డంగా కూర్చునే ఈ ఇంజన్‌కి మూడు పట్లు. ఇంజన్ పక్క ఒకటి, గేర్‌బాక్సు పక్క ఒకటి పైన ఉండి బరువంతా మోస్తాయి. మూడోది కింద ఉంటుంది, మెకానిక్కులు డాగ్‌బోన్ అంటారు. అది బరువు మొయ్యదు. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ మొత్తం ఒక పక్కకి ఒరగబోతుంది, ఆ ఒరగడాన్ని పట్టి ఆపడమే దాని పని. సాలిడ్ వేద్దామా అని అడిగేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఈ మూడోది చేసే పనే.

సాలిడ్ సుఖం సింహాచలం ఘాట్‌లో తెలుస్తుంది. వంపులో కాలు తీసి మళ్లీ తొక్కితే రబ్బరు మీద ఇంజన్ ముందు ఒరిగి, సర్దుకుని, అప్పుడు లాగుతుంది. సాలిడ్‌తో ఆ క్షణం ఉండదు, కాలు కదిలితే బండి కదిలింది. తడి రోడ్డు మీద గట్టిగా లాగించినప్పుడు ముందు చక్రాలు దడదడా ఎగిరేవి, అదీ పోయింది. ఆ అనుభవం ఎంత బావుంటుందో ఇప్పటికీ మరిచిపోలేదు.

కానీ ఘాట్ దిగి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఆగి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే, చుట్టుకి రెండు మంటల చొప్పున సెకనుకి దాదాపు 27 దెబ్బలు. ఏసీ కంప్రెసర్ భారం పడితే ఒక్కో దెబ్బా ఇంకాస్త బలంగా తగులుతుంది. మధ్యలో రబ్బరు లేదు గనక అవన్నీ నేరుగా బాడీలోకే. అద్దంలో వెనక లారీ నంబరు చెదిరిపోయి చదవడానికి రాదు. డాష్‌బోర్డు క్లిప్పులు, డోర్లలో స్పీకరు జాలీలు ఒక్కోటీ గొంతు విప్పుతాయి. ఉక్కపోతలో ఏసీ ఆపే ఊరు కాదు మనది. మా అత్తగారు వెనక సీట్లో కూర్చుని, ‘బాబూ, బండికి జ్వరమొచ్చిందా, ఇలా వణికిపోతోంది?’ అన్నారు. ఆవిడ అన్నదాంట్లో అతిశయోక్తి లేదు.

రబ్బరుని చవక సరుకుగా చూడడం నాకు అస్సలు నచ్చదు. చాలా కార్లలో ఇంజన్ పక్క మౌంటింగు లోపల ద్రవం కూడా ఉంటుంది. పెద్ద ఊపు వస్తే ఆ ద్రవం సన్నటి దారి గుండా ఒక గది నుంచి ఇంకో గదిలోకి పోతూ ఊపుని చంపేస్తుంది, చిన్న వణుకు వస్తే మెత్తగా ఊరుకుంటుంది. పోర్షే వాళ్లు 2009లో 911 జీటీ3కి అయస్కాంతంతో బిగుసుకునే ద్రవమున్న మౌంటింగులు ఇచ్చారు. మామూలుగా నడిపితే మెత్తన, ఉరికిస్తే గట్టి. ట్రాక్ కోసం పుట్టిన కారుకే వాళ్లు అంత ఆలోచించారు.

సాలిడ్ విప్పించినప్పుడు ఇంకోటి కళ్లారా చూశాను. ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకిన చోట తెల్లటి పొడి, గోటితో గీకితే రాలింది. రుషికొండ, భీమిలి వైపు రోజూ తిరిగే బండికి ఉప్పుగాలి తప్పదు. రెండు లోహాలు కలిసిన చోట ఆ తడి అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఖర్చు తగ్గుతుందని పైన ఒకటి సాలిడ్, ఒకటి రబ్బరు పెట్టించుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయించకండి. మెత్తనిది వంగుతుంది, గట్టిది వంగదు, భారమంతా దాని బ్రాకెట్ మీదే పడి చివరికి పగులుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి ట్రైలర్ మీద వెళ్లొచ్చే బండయితే మూడూ సాలిడ్ వేసుకోండి, దానికి అదే న్యాయం.

ఇప్పుడు నా కింది మౌంటింగులో ఉన్నది గట్టిదనాన్ని కొలిచే షోర్ స్కేలు మీద 70 ఉన్న పాలీయురెథేన్ బుష్, అంటే బోల్టు చుట్టూ కూర్చునే గుండ్రటి దిమ్మ. సాలిడ్ ఇచ్చిన బిగువులో చాలా భాగం దీనితోనే వచ్చింది, చక్రాల దడ దాదాపు పోయింది. రివర్స్‌లో చల్లటి ఇంజన్‌తో కాస్త గుమ్మని మోత వస్తుంది, అంతే. అయితే పైన రబ్బరు కుంగిపోయి ఉంటే ముందు అది మార్పించండి, లేకపోతే కింద ఏం పెట్టినా తేడా తెలియదు. మౌంటింగు బోల్టులు ఒకసారి సాగదీసి బిగించే రకం, పాతవి మళ్లీ వాడనివ్వకండి. ఇంజన్‌ని కాస్త ఊపి, తన చోట అది కూర్చున్నాకే చివరి బిగింపు వేయమనండి.